అమ్మో మావయ్య జలప్రవేశం

అమ్మో మావయ్యకు భయం. దేనికి అని అడగడం అమాయకత్వం. ఆకాశానికీ, భూమికీ, ఆ రెంటి మధ్య ఉన్న సమస్త వస్తుజాలానికీ ఆయన భయపడతాడు. ఏదైనా ఒకటి పొరపాటున జాబితాలోంచి జారిపోతే, దాన్ని మరిచిపోయినందుకు విడిగా భయపడతాడు. లోకంలో మనుషులు గొంతు సవరించుకుని మాట మొదలుపెడతారు. ఆయన ‘అమ్మో’ అని మొదలుపెడతాడు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, పలికేవాళ్లు లేక అది ఎప్పుడో తుప్పుపట్టిపోయింది. వరసకు మావయ్య అయినవాళ్లకూ, కానివాళ్లకూ ఆయన అమ్మో మావయ్యే.

ఉద్యోగం కూడా ఆయన స్వభావానికి తగ్గట్టే దొరికింది. బీమా ఆఫీసులో ప్రమాదాల విభాగం. ఊరి మీద విరుచుకుపడిన ఆపదలన్నీ కాగితాలుగా మారి ఆయన బల్ల మీదికే వచ్చేవి. తుమ్మి మెట్ల మీంచి దొర్లినవాడు, పెంపుడు చిలక స్విచ్చి నొక్కగా ఇల్లు కాలిపోయినవాడు, కుర్చీలో కూర్చుని ఉండగా కుర్చీయే లేకుండా పోయినవాడు, అందరూ ఆయనకు కాగితం మీద బాగా పరిచయస్తులు. కనుక రిటైరై ఇంటికి వచ్చేనాటికి ఆయన దృష్టిలో ప్రపంచం అంటే ఇంకా జరగని ప్రమాదాల మొత్తం.

లిఫ్టు ఎక్కడు. ఎంత ఎత్తు భవనమైనా మెట్ల దారే. పై అంతస్తులో విందుకు పిలిస్తే, ఆయనా అత్తయ్యా చేరేసరికి తిన్నవాళ్లు దిగివస్తూ ఎదురుపడేవారు. అత్తయ్య రొప్పుతూ ఎక్కేదే గానీ ఒక్కనాడూ విసుక్కోలేదు. ఇలాంటి పిరికివాణ్ణి కట్టుకుని ఇంత ఓర్పుగా కాపురం చేస్తున్న ఆ ఇల్లాలిని బంధువులంతా మెచ్చుకునేవారు. మావయ్య కూడా తలాడించి మెచ్చుకునేవాడు.

ఇంతటి మావయ్యకు ఒక మేనకోడలు ఉంది. ఆమె బల్బు మారుద్దామని నిచ్చెనెక్కి, బల్బుతో సహా దిగింది. తుంటి ఎముక విరిగింది. అతికించారు. అతికింది గానీ కాలు బిగుసుకుపోయి, చేతికర్ర లేనిదే అడుగు పడటం లేదు. నిచ్చెన సంగతి మావయ్య ముందే హెచ్చరించాడు, నిజమే. కానీ అన్నిటి గురించీ హెచ్చరించేవాడి మాట దేనికీ పనికిరాదు కదా.

కాలికి వ్యాయామం చేయించే ఆవిడ ఒకటే మాట చెప్పింది. రోజూ గుండెల దాకా నీళ్లలో నిలబడి నడవాలి. నీళ్లు బరువు మోస్తాయి, కాలు సాగుతుంది. లేకపోతే ఈ కర్ర జన్మంతా తోడుంటుంది. ఆ మాట విని మేనకోడలు బుద్ధిగా తలూపింది. ఊపుతూనే లోపల ఒక లెక్క వేసుకుంది: ఈతకొలను ఉన్నది ఊరికి అవతలి చివర. అంతదూరం కుంటుకుంటూ ఎవరు వెళ్లగలరు? మంచి సాకు. నిర్దుష్టమైన సాకు.

ఆ సాకు వెనక ఉన్నది ఎవరికీ తెలియదు. బడి రోజుల్లో విహారానికి వెళ్లినప్పుడు, తమాషాకి ఎవరో వెనకనించి ఆమెను నీళ్లలోకి తోశారు. పైన అందరి నవ్వులు, చెవుల్లో నీళ్లు, కింద నేల లేదు. ఎలాగో గట్టుపట్టి పైకి వచ్చి, అందరితోపాటు తనూ నవ్వింది. అప్పటినించీ నిండా నీళ్లున్న తొట్టిని చూసినా ఆమె కాళ్లు చల్లబడతాయి. నలుగురిలో గట్టి మనిషని పేరు తెచ్చుకుంది. భర్తకు కూడా చెప్పలేదు.

కుంటికాలికి మెట్లు లేని ఇల్లు కావాలని వెతికి, ఒక పాత ఇంట్లో దిగారు. ఇల్లు బాగానే ఉంది. పెరడు మాత్రం మనుషులు వదిలేసి చాలాకాలమైనట్టు నడుమెత్తు పిచ్చిమొక్కలతో నిండి ఉంది. నడిమధ్యన నేల కుంగి ఉంది. కుంగినచోట తుంగ, తుంగ కింద నల్లటి నీళ్లు, నీళ్లలోంచి అప్పుడప్పుడు ఒక బుడగ. చూడటానికి వచ్చిన అమ్మో మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

అదేమిటన్న విషయం మీద పెద్ద చర్చ జరిగింది. మేనకోడలి భర్త, మావయ్యకు వరసకు అల్లుడు, చేపల చెరువన్నాడు. మావయ్య మొదట నూనె తొట్టి అన్నాడు, పేలుతుందన్నాడు. తరవాత మురుగుగుంట అన్నాడు. ఆ పైన గని అన్నాడు, ఇల్లంతా అందులోకి జారిపోతుందేమో చూసుకోమన్నాడు. మేనకోడలు మురుగుగుంట వైపే మొగ్గింది. ఎందుకో ఆ నేల చదరంగా కుంగిన తీరు ఆమెకు నచ్చలేదు. మనసు కీడు శంకిస్తోంది.

మొక్కలు కొట్టించగానే అంచున ఆమె కర్ర దేనికో తగిలి టక్కుమంది. అల్లుడు మట్టి తుడిచాడు. నీలం పలక. దాని మీద తెల్లగా ‘3’ అని అంకె.

మావయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "అమ్మో. మూడో సమాధి."

"సమాధులకు నంబర్లుంటాయా మావయ్యగారూ?"

"ఎక్కువమంది ఉంటే వేస్తారు. ఒకటీ రెండూ ఎక్కడున్నాయో ముందు చూడండి. మనం వాటి మీదే నిలబడి ఉంటాం."

ముగ్గురూ కాళ్లకేసి చూసుకున్నారు. కొంచెం అవతల ‘5’ బయటపడింది. చివరి మూల ‘8’. ఆ మూలనే తుంగలోంచి రెండు ఇనపచేతులు వంగి, గట్టును పట్టుకుని పైకి రాబోతున్నట్టు ఆగి ఉన్నాయి. మావయ్య కళ్లు మూసుకున్నాడు. అల్లుడు వెళ్లి వాటిని పట్టుకుని ఊపాడు. నిచ్చెన. పక్కన గోడలో చిన్న గూడంత నోరు, దాంట్లో ఒక బుట్ట, బుట్టలో సకుటుంబంగా కప్పలు.

"సమాధులూ కావు, చెరువూ కాదు," అన్నాడు అల్లుడు, గొంతులో కొత్త ఖండం కనిపెట్టినవాడి గర్వంతో. "మూడడుగులు, అయిదడుగులు, ఎనిమిది. లోతులు. ఇది స్విమ్మింగ్ పూల్. చూశావా, ఊరవతలకి పోనక్కర్లేదు. నీ కాలి కోసమే వెతుక్కుంటూ వచ్చినట్టుంది."

మేనకోడలి చెయ్యి కర్ర వదిలి పక్కనున్న మావయ్య భుజం మీద పడింది. సమాధులైతే ఎంత బాగుండేది. బయటికి మాత్రం, భలేగా ఉందే అంది.

"అమ్మో," అన్నాడు మావయ్య. "నీళ్లా? నీళ్లంటే నాకు చచ్చేంత భయం."

అందరూ నవ్వారు. ఈయనకు భయం లేనిదేదైనా ఉంటే అది చెప్పమన్నాడు అల్లుడు.

అప్పటినించీ ఆ ఇంట్లో రెండు పనులు సమాంతరంగా సాగాయి. అల్లుడు కొలనును బాగుచేయించడం, మావయ్య ఆపించడం. అల్లుడు నీటిశాస్త్రం పుస్తకాలు తెచ్చి చదివాడు. క్లోరిన్ పాళ్ల గురించీ, ఫిల్టర్ ఇసక గురించీ, మోటారు మరల గురించీ భోజనం దగ్గర ఉపన్యాసాలిచ్చాడు. మావయ్య రోజూ వచ్చి ఒక కొత్త భయం సమర్పించుకునేవాడు. క్లోరిన్‌కు చర్మం ఊడుతుందేమో. మోటారు తీగలోంచి కరెంటు నీళ్లలోకి దిగుతుందేమో, ఎలక్ట్రీషియన్ చూసిందాకా ఆగుదాం. పలకల అంచు కోసుకుంటుందేమో, అరగదీసిందాకా ఆగుదాం. ఆయన ఆగుదాం అన్నప్పుడల్లా మేనకోడలు, పోనీ పెద్దాయన మాట కాదనడమెందుకని పెద్దమనసు చేసుకునేది. మావయ్య పిరికితనం మీద ఆమెకు అంతకుముందు లేని గౌరవం కలిగింది. అది ఆమెకు అన్నం పెట్టకపోయినా, గడువు పెడుతోంది.

చివరికి మేస్త్రీ వచ్చాడు. మీసం, ఆత్మవిశ్వాసం సమపాళ్లలో ఉన్న మనిషి. రెండు మోటార్లు పెట్టి నీళ్లన్నీ తోడేసి, అడుగు కడిగి, బీటలు పూడుస్తానన్నాడు. మావయ్య ఆకాశంకేసి చూశాడు. వానాకాలం ఇంకా వెళ్లలేదు. నేల పిండితే నీళ్లు కారేలా ఉంది.

"ఇప్పుడు ఖాళీ చెయ్యొద్దు," అన్నాడు. "లేస్తుంది."

"ఏది?"

"కొలను."

మేస్త్రీ పని ఆపి ఆయన్ను తేరిపార చూశాడు. "లేచి ఎక్కడికి పోతుంది పెద్దాయనా, పెళ్లికా?"

"నిండుగా ఉన్నంతసేపే అది కొలను. తడి నేలలో ఖాళీగా ఉంటే పడవ. కింద ఊరిన నీళ్లు పైకి ఎత్తేస్తాయి. మా ఆఫీసుకు అలాంటి కేసు వచ్చింది."

ఇది అమ్మో మావయ్య భయాలన్నిటికీ మకుటంగా నిలిచింది. సిమెంటుతో కట్టిన గుంట గాల్లోకి లేస్తుందట. మేస్త్రీ ఆ మాట తన కూలీలకు చెప్పాడు, కూలీలు వీధికి చెప్పారు. టీకొట్టు దగ్గర ఎవరో, కొలను ఎగిరిపోకుండా తాడుతో కట్టారా అని అల్లుణ్ణి అడిగారు. అల్లుడికి తల కొట్టేసినట్టయింది. వెంటనే ఖాళీ చేయించాడు. మేనకోడలు మాత్రం చివరిదాకా మావయ్య పక్షానే ఉంది. కారణం ఆమెకే తెలుసు.

నల్లనీళ్లు పోయి, బురద పోయి, అడుగున నీలం బయటపడింది. ఒక విరిగిన కుర్చీ, రబ్బరు బంతి, ఎవరిదో కళ్లజోడు. వాటిని పోగొట్టుకున్నవాళ్లు ఏమయ్యారో అని మావయ్య కాసేపు విడిగా భయపడ్డాడు. మరునాడు మధ్యాహ్నం మబ్బులు కమ్మి, వాన మొదలైంది. మామూలు వాన కాదు, ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురిసింది. కురుస్తూనే ఉంది.

వసారాలో మావయ్య టీ తాగుతున్నాడు. మేనకోడలు పక్కన కూర్చుంది. మేస్త్రీ కొలనులో, గోడ పగుళ్లకు కప్పిన పట్టా లేచిపోకుండా రాళ్లు పెడుతున్నాడు. అప్పుడు వినిపించింది. పెద్ద బీరువాను ఎవరో నేల మీద ఈడ్చినట్టు, నేలలోపలినించి ఒక మూలుగు. లోతు వైపు గట్టు మీద నీలం పలకలు వరసగా టప్‌టప్‌మని చిట్లాయి. కొలను అంచు, కళ్లెదుటే, వేలెడు మందం పైకి లేచింది.

మేస్త్రీ నిచ్చెన పట్టుకుని పైకి వచ్చిన వేగం ఆయన మీసానికి శోభనివ్వలేదు. అల్లుడు వసారా స్తంభాన్ని వాటేసుకున్నాడు. మేనకోడలికి ఇల్లంతా లేచి దొర్లిపోతుందనిపించింది. ఇప్పుడు మావయ్య వేసే కేకకు వీధి అదురుతుందని అటు తిరిగింది.

మావయ్య టీకప్పు సాసరులో పెట్టాడు. చప్పుడు కాలేదు.

"మోటార్లు ఆపేయండి," అన్నాడు. "మేస్త్రీ, ఆ గునపం ఇలా ఇయ్యి. అందరూ గట్టుకు దూరంగా ఉండండి."

ఆ గొంతు ఎవరిదో ఆమెకు అర్థం కాలేదు. పంచె ఎగగట్టి వానలో దిగి, మెట్ల మీదుగా కొలనులోకి నడిచాడు. లోతు వైపు మోకాలిలోతు వాననీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. కాళ్ల కింద నేల మూలుగుతూనే ఉంది. ఆయన ఒంగి, అడుగున ఉన్న జాలీ పీకి, ఊరిన నీళ్లకు దారివ్వడానికి దాని కింద పెట్టే మూత మీద గునపంతో ఒక పోటు పొడిచాడు. రెండో పోటుకు మూత ఊడింది. కింద చిక్కుకున్న నీళ్లు మనిషెత్తున లోపలికి చిమ్మాయి. చిమ్మి చిమ్మి తగ్గాయి. కొలను ఒక నిట్టూర్పు విడిచి, బద్ధకంగా మళ్లీ తన చోట్లో కూర్చుంది.

ఆయన గునపం గోడకానించి, నింపాదిగా వసారాలోకి వచ్చాడు. చేతులు వణకలేదు. ఆమె ఆ చేతులనే చూసింది. మావయ్య అది గమనించి, గబుక్కున తువ్వాలు కప్పుకున్నాడు.

"అమ్మో," అన్నాడు. "తుమ్ము వచ్చేలా ఉంది."

సాయంత్రం వంటింట్లో అత్తయ్య ఆయన కోసం నీళ్లు కాస్తోంది. మేనకోడలు కర్ర గోడకానించి పీట మీద కూర్చుంది.

"అత్తయ్యా, మావయ్యకు ఇవాళ భయం వెయ్యలేదు."

"ఆయనకెప్పుడు వేసింది కనక?"

"అదేంటి? లిఫ్టంటే?"

అత్తయ్య మంట తగ్గించింది. "లిఫ్టంటే భయం నాకు."

పెళ్లయిన కొత్తలో, ఆయన పై ఆఫీసరు ఇంటికి భోజనానికి పిలిచాడట. లిఫ్టు తలుపు తెరుచుకోగానే అత్తయ్యకు ఊపిరాడలేదు. చుట్టూ కొత్త మనుషులు. నోరు తెరిచి చెప్పడం కంటే ప్రాణం పోవడం నయమనిపించిందట. అప్పుడు ఆయన వెనక్కి ఒక అడుగు వేసి, అమ్మో, నాకు లిఫ్టు పడదండీ అన్నాడు. అంతా ఆయన్ను చూసి నవ్వారు.

"నన్ను చూసి ఒక్కరూ నవ్వలేదమ్మాయ్. ఆ రోజునించీ నేను ఓర్పుగల ఇల్లాలిని."

"నీకోసమేనని ఎప్పుడైనా చెప్పాడా?"

"లేదు. నేనూ అడగలేదు. అడిగితే మానేస్తాడేమోనని."

మేనకోడలు మనసులో వెనక్కి వెళ్లింది. మావయ్య కుక్కలకు భయపడింది అమ్మ పక్కన నడిచినప్పుడే. ఉరుములకు భయపడింది అమ్మమ్మ బతికున్నన్నాళ్లే. ఇంతకాలం అందరూ ఒక మనిషి పిరికితనమనుకుని నవ్వుకున్నది, చూడబోతే బంధువర్గమంతటిదీ. తలా కొంచెం తెచ్చి ఆయన నెత్తిన పెట్టి, ధైర్యవంతుల్లాగా చేతులూపుకుంటూ తిరుగుతున్నారు.

ఒక ప్రశ్న మిగిలింది. అడగాలా వద్దా అని నీళ్లు నమిలి, చివరికి అడిగింది. "నీళ్లంటే భయం ఎప్పటినించి?"

"మీ పెరట్లో అది కొలనని తేలినప్పటినించే. మీ ఆయన ఆ మాట అనగానే నువ్వు కర్ర వదిలేసి ఈయన భుజం పట్టుకున్నావట. ఇంటికొచ్చాక చూశాను, గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి." అత్తయ్య కాగిన నీళ్లు దించింది. "నేనేమీ చెప్పలేదు, నువ్వేమీ వినలేదు."

వాన వెలిసింది. నేల ఆరేదాకా ఆగారు, ఈసారి మేస్త్రీయే ఆగుదామన్నాడు. పగుళ్లు పూడ్చారు, పలకలు మార్చారు, కొలను నింపారు. నీలంగా, నిశ్చలంగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉన్న ఆ నీళ్లను కిటికీలోంచి చూస్తూ మేనకోడలు రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. తెలిసినంత మాత్రాన భయం పోదు. రేపు దిగకపోతే ఇంతమంది పడ్డ కష్టం బూడిదలో పోసినట్టు, కర్ర శాశ్వతం. దిగితే మళ్లీ ఆ చెవుల్లో నీళ్లు, కాళ్ల కింద లేని నేల.

మర్నాడు ఉదయం అమ్మో మావయ్య జలప్రవేశానికి సర్వాంగాలంకృతుడై వచ్చాడు. నడుముకు లారీ ట్యూబు. తలకు హెల్మెట్. మెడలో ఈల. అల్లుడు కూడా కొత్త ఈతనిక్కరు తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, మోటారు దగ్గర స్క్రూడ్రైవరుతో కూర్చున్నాడు.

మెట్ల దగ్గర మావయ్య ఆగి నీళ్లలోకి తొంగిచూశాడు.

"అమ్మో. చల్లగా ఉంటాయేమో."

"ఉంటాయి," అంది ఆమె.

"కాలు జారుతుందేమో."

"కడ్డీ పట్టుకో."

"నువ్వు నా చెయ్యి పట్టుకో తల్లీ. నువ్వు పట్టుకోకపోతే నేను దిగలేను."

ఆ మాట అబద్ధమని ఆమెకు తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసేమో. విచిత్రమేమిటంటే, అబద్ధమని తెలిసినా అది బరువు మోసింది. చేతికర్ర వట్టి కొయ్యేనని తెలిసినంత మాత్రాన విరగదు కదా. ఆమె కర్రను గట్టు మీద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుంది.

మొదటి మెట్టుకు పాదాలు తడిశాయి. మోకాళ్లకు నీళ్లు తాకగానే ఆమె గొంతులో ఏదో లేచింది. "అమ్మో," అన్నాడు మావయ్య. నడుముకు వచ్చేసరికి ఊపిరి ఆగింది, ఎక్కడో ఆ పాత నవ్వులు వినిపించాయి, వెనక్కి తిరిగిపోదామని కాలు కదిలింది. "అమ్మో, అమ్మో," అన్నాడు మావయ్య, సరిగ్గా ఆ క్షణానికి, సరిగ్గా అంత గట్టిగా. ఆమె గొంతులోంచి రావలసిన కేకలన్నీ పక్కనున్న గొంతులోంచి వచ్చేస్తున్నాయి. ఆమెకంటూ ఏమీ మిగల్లేదు. ఇక చేసేదేముంది, ఇంకో అడుగు వేసింది.

నీళ్లు గుండెల దాకా వచ్చి ఆగాయి. కాళ్ల కింద నేల ఉంది. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చూసుకుంది, ఉంది. బిగుసుకున్న కాలు తనది కానట్టు తేలికగా లేచింది. ఒక అడుగు. ఇంకొకటి. కర్ర లేదు, నొప్పి లేదు. అత్తయ్య వసారాలోంచి చూస్తూ, ఏమీ చూడనట్టు బట్టలు మడుస్తోంది.

కొంతదూరం నడిచాక ఆమె మెల్లగా అడిగింది. "మావయ్యా, నీకు ఈత వచ్చు కదూ?"

మావయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బాగానే వచ్చు. గట్టిగా అనకు. మీ ఆయన వింటాడు."

"వింటే ఏం?"

"పొద్దుటినించి చూస్తున్నాను, ఒకటే మరను బిగిస్తున్నాడు. అది బిగిసి చాలాసేపైంది."

ఆమె తలతిప్పి చూసింది. కొత్త నిక్కరు, మడత విప్పని తువ్వాలు, ఒంటి మీద ఒక్క నీటిచుక్క లేదు. నీటిశాస్త్రమంతా అప్పజెప్పిన మనిషి, తను దిగుతానని ఒక్కసారైనా అన్నాడా అని గుర్తుచేసుకుంది. అనలేదు.

మావయ్య హెల్మెట్ సరిచేసుకుని, ట్యూబులోంచి కాస్త జారి, గడ్డం దాకా మునిగాడు.

"అల్లుడుగారూ," అన్నాడు వణుకుతున్న గొంతుతో, "అమ్మాయికి నా బరువు ఆగటం లేదు. రెండో చెయ్యి మీరు పట్టుకోకపోతే నేను పోయేలా ఉన్నాను. అమ్మో."

అల్లుడు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఒక్క క్షణం నీళ్లకేసి చూశాడు. ఈ వయసులో ఇంత పిరికితనమేమిటండీ అని విసుక్కుంటూ లేచి, రెండు చేతులతో కడ్డీని గట్టిగా పట్టుకుని, మావయ్యను కాపాడటానికి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.